అత్తలంతా రోడ్డెక్కిన రోజు

మా ఆరోగ్య కేంద్రానికి గర్భిణుల మనసు సంగతి అడిగే ప్రశ్నల కాగితాలు వచ్చిన కొత్తలో మా బస్తీల్లో ఒక్క గర్భిణికి కూడా దిగులు లేదు. ఒక్కరికి కూడా నిద్ర చెడలేదు, ఊరికే ఏడుపు రాలేదు, బతుకు మీద విసుగు పుట్టలేదు. నింపిన కాగితాలన్నీ ముందేసుకుని మా డాక్టరమ్మ కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టింది. "ఇంత సంతోషంగా ఉన్న ఊరు ఇంకెక్కడా ఉండదండీ. మనం కూడా వచ్చి ఈ బస్తీలోనే ఇల్లు అద్దెకు తీసుకుందాం" అంది.

నేను రిటైరయ్యాక కూడా అప్పుడప్పుడు శిక్షణ తరగతులకు పిలుస్తుంటారు. ఈ పనిలోకి కొత్తగా వచ్చిన అమ్మాయిలు అక్కడ నన్ను తప్పకుండా అడిగే మాట ఒకటుంది. "మేడం, కడుపుతో ఉన్నోళ్ల మనసులో దిగులుంటే మనకెట్ల తెలుస్తది? అడిగితే చెప్పరు కదా!" అంటారు. వాళ్లకు నేను చెప్పే సంగతే ఇక్కడ రాస్తున్నాను. పేర్లు మాత్రం రాయను. ఆ మనుషులు ఇప్పటికీ దిల్‌సుఖ్‌నగర్‌లోనే ఉన్నారు. కూరగాయల బండి దగ్గర ఎదురుపడితే నేను వాళ్ల మొహం చూడగలగాలి కదా.

మా కేంద్రం సైదాబాద్‌కూ గడ్డిఅన్నారానికీ మధ్య ఒక కిరాయి ఇంట్లో ఉండేది. రెండు గదులు, ముందు ఒక వరండా. నేను అక్కడ హెల్త్ సూపర్‌వైజర్‌ని, అంటే నర్సమ్మలందరి మీదా అజమాయిషీ, అందరికంటే ఎక్కువ తిట్లు. నాది నల్లగొండ జిల్లా. డాక్టరమ్మది కృష్ణా జిల్లా, కాపురం ఎల్‌బీ నగర్ అవతల. బస్తీ అంగన్‌వాడీ టీచర్ మాకు కుడిభుజం. ఆమె గొంతు సందు మొదట్లో ఎత్తితే సందు చివర దాకా వినిపించేది, మైకు అవసరం లేదు.

గర్భిణుల పరీక్ష రోజున వరండాలో వరుసగా కూర్చోబెట్టేవాళ్లం. బరువు, బీపీ, రక్తం అయ్యాక ఆ కాగితంలోని ప్రశ్నలు. ఇబ్బంది ఏమిటంటే, మా దిక్కు కడుపుతో ఉన్న పిల్లను ఒంటరిగా గడప దాటనివ్వరు. ప్రతి కోడలి పక్కనా ఒక అత్త ఉంటుంది. నేను కోడలిని అడుగుతాను, అత్త జవాబు చెబుతుంది.

"నిద్ర మంచిగ పడుతున్నదా?"

"పడకేంది సిస్టరమ్మా? గుర్రు పెట్టి పంటది."

"ఊరికే ఏడుపొస్తదా?"

"ఎందుకేడుస్తది? మేమేం తక్కువ జేసినం?"

ఆ మాట వచ్చాక ఇంక ఆ పిల్ల నోరెట్లా తెరుస్తుంది? తల వంచుకుని "మంచిగనే ఉన్న" అనేది. నేను ఆ గడిలో 'లేదు' అని గీత పెట్టేదాన్ని. వరుసలో వెనక ఉన్నవాళ్లు ఎండకు గొణుగుతుంటే ఇంకో ప్రశ్నకు పోయేదాన్ని. అట్లా మా బస్తీలన్నీ ఆనందమయం అయిపోయాయి.

అవి ప్రత్యేక తెలంగాణ కోసం సకల జనుల సమ్మె నడుస్తున్న రోజులు. బస్సులు లేవు, బడులు లేవు, ఆఫీసులకు తాళాలు. కూడలికో శిబిరం, శిబిరానికో డప్పు. దవాఖాన పని గనక మేం నల్ల బ్యాడ్జీలు పెట్టుకుని పని చేసుకుంటున్నాం. డాక్టరమ్మ బ్యాడ్జీ పెట్టుకోలేదు, మేం పెట్టుకోమని అడగలేదు. మధ్యాహ్నం మాత్రం ముగ్గురం ఒకే బల్ల దగ్గర కూర్చుని ఒకరి కూర ఒకరం తినేవాళ్లం. తిన్నంతసేపు ఆ ఒక్క విషయం తప్ప లోకంలోని సంగతులన్నీ మాట్లాడుకునేవాళ్లం.

అప్పుడు మా దగ్గరికి ఒక గుంటూరు పిల్ల వచ్చేది. ఉద్యోగ పరీక్షల కోచింగ్ కోసం దిల్‌సుఖ్‌నగర్ హాస్టల్‌కు వచ్చి, రోజూ ఎక్కే బస్సులో కండక్టర్‌ను ఇష్టపడి పెళ్లి చేసుకుంది. పుట్టింటివాళ్లు మాట్లాడటం మానేశారు. అతనిది మా నల్లగొండ దిక్కే. తండ్రి లేడు. తల్లి గడ్డిఅన్నారం పండ్ల మార్కెట్ బయట బత్తాయిలు అమ్మేది. మాట కరుకు, మనసు మెత్తన. సమ్మె మొదలయ్యాక కొడుకు డిపో ముందు శిబిరంలో, తల్లి రోడ్డు మీది శిబిరంలో ఉండేవారు. ఆ బస్తీలో నినాదం ఎత్తుకోవాలంటే ముందు ఆమె గొంతే లేవాలి.

ఆ పిల్ల నెల నెలా చిక్కిపోతోంది. కడుపు పెరుగుతోంది గానీ మనిషి తరిగిపోతోంది. అడిగితే "బానే ఉన్నానండీ" అని ఒకటే మాట. జుట్టు దువ్వుకోవడం మానేసింది. బిడ్డ గుండె చప్పుడు వినిపిస్తే ఆడవాళ్ల మొహంలో ఒక వెలుగు వస్తుంది, అది నేను వేలసార్లు చూశాను. ఆమె మాత్రం గోడ మీది క్యాలెండర్ చూస్తూ కూర్చుంది.

ఇక్కడే మేమంతా కలిసి బోల్తా పడ్డాం. డాక్టరమ్మ నన్ను లోపలికి పిలిచి, "పాపం, ఆ ఇంట్లో ఎట్లా బతుకుతోందో! పొద్దున లేస్తే ఆంధ్రావాళ్లను తిట్టే ఇల్లు. బెదిరిపోయుంటుంది" అంది. నాకు చురుక్కుమంది. "ఇంట్లోవాళ్లు మంచిగనే చూసుకుంటున్నరు మేడం. కన్నోళ్లే ఒక్క ఫోన్ కూడ చేస్తలేరు. పిల్లకు ఆ రందే" అన్నాను. ఆమె వాళ్ల దిక్కును వెనకేసుకొచ్చింది, నేను మా దిక్కును వెనకేసుకొచ్చాను. బయట నడుస్తున్న వాదమే మా గదిలోనూ నడిచింది, కాకపోతే మర్యాదగా నడిచింది. అంగన్‌వాడీ టీచర్ ఇద్దరినీ సమాధానపరుస్తున్నట్టు, "రెండూ ఉంటయి మేడం" అంది. కడుపుతో ఉన్న మనిషికి బీపీ వచ్చినట్టే, షుగర్ వచ్చినట్టే, దిగులు కూడా ఒక జబ్బుగా రావచ్చునని మా ముగ్గురిలో ఎవరికీ తట్టలేదు. అది కనిపెట్టమనే మాకు ఆ కాగితాలు పంపింది!

చివరికి మా తెలివికి తగిన మందు కనిపెట్టాం. అత్తను పిలిచి, కోడలి ముందు ఉద్యమం ముచ్చట ఎత్తొద్దని, టీవీలో వార్తలు పెట్టొద్దని చెప్పాం. పాపం ఆమె మా మాట వేదంలా పట్టుకుంది.

"అట్లనే సిస్టరమ్మా. ఏమన్న మాట్లాడుకునేదుంటే శిబిరం కాడనే మాట్లాడుకుంటం. ఇంట్ల సప్పుడు జెయ్యం" అంది.

అన్నట్టే చేశారు. ఇల్లు చప్పబడిపోయింది.

ఆ తర్వాత కొద్ది రోజులకు వంటావార్పు పిలుపు వచ్చింది. మీలో చూడనివాళ్ల కోసం చెబుతున్నాను. ఆ రోజు ఇంట్లో పొయ్యి వెలిగించరు. బస్తీ బస్తీ అంతా నడిరోడ్డు మీదికి వచ్చి, రాళ్లు పెట్టి కట్టెల పొయ్యిలు రాజేసి, అక్కడే వండుకుని అక్కడే తింటారు. మెయిన్ రోడ్డు మీద ఈ కొస నుంచి ఆ కొస దాకా పొయ్యిలే. అన్నం ఉడుకుతోంది, వంకాయలు తరుగుతున్నారు, డప్పు మోగుతోంది. నేను ఒక సంచి భుజాన వేసుకుని ఆ పొగలో నుంచి నడిచి పోతున్నాను. ఒక్కొక్క పొయ్యి దగ్గర తెలిసిన మొహం కనిపిస్తోంది. మా వరండాలో కోడళ్ల బదులు జవాబు చెప్పే ఆ అత్తలందరూ రోడ్డు మీదే ఉన్నారు.

నేను నడిరోడ్డు మీద ఆగిపోయాను. అత్తలంతా ఇక్కడుంటే కోడళ్లు ఎక్కడున్నట్టు? కడుపుతో ఉన్నవాళ్లను ఈ ఎండలోకి, ఈ పొగలోకి తీసుకురారు. ఇళ్లలో ఒక్కొక్కరే ఉన్నారు. నా ఉద్యోగంలో అటువంటి రోజు అంతకుముందు రాలేదు.

ఆ గుంటూరు పిల్ల అత్త పెద్ద గరిటెతో పప్పు కలుపుతోంది. నన్ను చూసి, "బువ్వ తిని పో సిస్టరమ్మా" అంది. మళ్లీ వస్తానని చెప్పి నేరుగా వాళ్లింటికి పోయాను.

తలుపు దగ్గరికి వేసి ఉంది. ఆ పిల్ల మంచం మీద కాదు, కింద గచ్చు మీద గోడకానుకుని కూర్చుని ఉంది. నేనూ పక్కనే కింద కూర్చున్నాను. సంచిలో కాగితాలున్నాయి గానీ తియ్యలేదు.

"ఒక్కదానివే ఉన్నవు. భయమైతున్నదా బిడ్డా? ఈ లొల్లికి?" అన్నాను. అప్పటికీ నా బుర్రలో అదే ఉంది.

ఆ పిల్ల నావైపు వింతగా చూసింది. "లొల్లా? లొల్లి ఉన్నప్పుడే బావుండేదండీ. అత్తయ్యగారు టీవీ ముందు కూర్చుని అందర్నీ తిడుతుంటే ఇల్లు ఇల్లులాగా ఉండేది. ఇప్పుడు నేను గదిలోకి రాగానే మాట మానేస్తున్నారు. నేనేం తప్పు చేశానో ఎవరూ చెప్పరు."

నాకు నెత్తిన ఎవరో మొట్టినట్టయింది. ఇంక నా తరఫున కారణాలు చెప్పడం మానేసి ఊరికే కూర్చున్నాను. చాలాసేపటికి ఆ పిల్ల తనంతట తానే చెప్పింది. ఈ దిగులు సమ్మెతో వచ్చింది కాదు. మూడో నెలలోనే మొదలైంది. రాత్రి నిద్ర రాదు, పొద్దున లేవబుద్ధి కాదు. మొగుడు మంచివాడే. అత్త మంచిదే. "అంతా బావుంది కదండీ, నాకు ఎందుకు బాలేదో నాకే తెలీదు. బిడ్డ కదిలితే ఏమీ అనిపించదు. నాకు తల్లిని అయ్యే అర్హత లేదేమో" అంది.

కాగితంలో అన్నిటికంటే చివర ఉండే ప్రశ్న ఒకటుంది. వరండాలో దాన్ని నేను గబగబా చదివేసి దాటేసేదాన్ని, అవతలివాళ్లు కూడా గబగబా 'లేదు' అనేసేవాళ్లు. ఆ రోజు తొలిసారి దాన్ని ఒక మనిషిని అడిగినట్టు అడిగాను. చచ్చిపోవాలని అనిపిస్తున్నదా, బిడ్డా?

ఆమె ఏడవలేదు. "రోజూ అనిపిస్తోందండీ. ఇవాళ పొద్దుట్నుంచీ మరీ ఎక్కువగా ఉంది" అని నెమ్మదిగా చెప్పింది.

నేను గనక తిన్నగా పప్పన్నానికి కూర్చుని ఉంటే ఏమయ్యేదో ఈ రోజుకీ తలుచుకోను. ఆమె చెయ్యి పట్టుకుని, "నేను ఇక్కడి నుంచి లేవను" అని చెప్పాను. అట్లా పట్టుకునే రెండో చేత్తో డాక్టరమ్మకు ఫోన్ చేశాను. అంగన్‌వాడీ టీచర్‌కు చేసి అత్తను, కొడుకును తీసుకురమ్మన్నాను.

డాక్టరమ్మ బస్సులూ ఆటోలూ లేని ఆ రోడ్డంతా నడిచి వచ్చింది. చీర కుచ్చిళ్లకు మసి అంటుకుంది. వచ్చేసరికి ఇంట్లో పెద్ద గొడవ జరుగుతోంది. కండక్టర్ పిల్లవాడు గుమ్మంలోనే నిలబడి, "నేనేం తక్కువ జేసిన మేడం? అడిగినవన్ని తెచ్చిస్తి. నామీద ఏమన్న చెప్పిందా?" అంటున్నాడు. అతనిది కోపం కాదు, అవమానం. తల్లి చేతులకు ఇంకా పప్పు పసుపు ఉంది. పెద్ద దవాఖానలో మనసు డాక్టర్ ఉన్నాడు, ఇవాళే చూపించాలి అని డాక్టరమ్మ అనగానే ఆమె గుండెల మీద చెయ్యి వేసుకుంది.

"ఎర్రగడ్డకా? నా కోడల్ని పిచ్చి దవాఖానకు తోల్కపోతరా? గంత పిచ్చేమున్నది దానికి? కడుపుల బిడ్డ ఉన్నది, పిచ్చి మందులిస్తే బిడ్డకేమన్న ఐతే ఎవలు జిమ్మేదార్?"

డాక్టరమ్మ మంచం అంచున కూర్చుంది. "ఎర్రగడ్డ కాదమ్మా, కాన్పులు చేసే దవాఖానకే. బీపీ వస్తే నువ్వేం తక్కువ చేశావని ఎవరన్నా అడుగుతారా బాబూ? ఇదీ అట్లాంటిదే. ఎవరి తప్పూ కాదు. మందు కావాలో, మాట్లాడితే సరిపోతుందో ఆయన చూసి చెబుతారు. బిడ్డ సంగతి కూడా ఆలోచించే చెబుతారు. కానీ ఇవాళ ఈ పిల్లను ఇంట్లో వదిలేసి పోవడానికి నా మనసు ఒప్పట్లేదు" అంది.

ముసలామెకు డాక్టరమ్మ మాట ఎంత ఎక్కిందో తెలియదు. ఆమె కోడలి ముందు చతికిలబడి కూర్చుని, గడ్డం పట్టుకుని పైకి ఎత్తింది.

"నిజమేనా బిడ్డా? సావాలనిపిస్తున్నదా?"

ఆ పిల్ల తల ఊపింది. అంతవరకూ ఏడవని మనిషి అప్పుడు అత్త భుజం మీద పడి ఏడ్చింది. ముసలామె అంతకంటే ఎక్కువ ఏడ్చింది. తర్వాత కొంగుతో ఇద్దరి మొహాలూ తుడిచి లేచింది. ఆమె లేచిందంటే పని అయినట్టే.

అంబులెన్సు వద్దని కోడలు బతిమాలింది, సందంతా పోగవుతుందని. పక్కింటివాళ్ల ఆటోలో బయల్దేరాం. మలక్‌పేట వైపు పోవాలంటే ఆ పొయ్యిల మధ్య నుంచే పోవాలి. కర్రలు అడ్డం పెట్టి ఆపేశారు. లోపల కడుపుతో ఉన్న పిల్లను చూసి, "నొప్పులొచ్చినయా?" అని అడిగారు. అవునని చెబితే పోయేది. ఆ అబద్ధం నా నోటి చివర సిద్ధంగా ఉంది.

నేను నోరు తెరిచేలోపే ముసలామె ఆటో దిగింది. నినాదాలిచ్చే గొంతుతో, రోడ్డు రోడ్డంతా వినిపించేట్టు చెప్పింది. "నొప్పులు గావు. నా కోడలికి మనసు మంచిగ లేదు. గది గూడ రోగమే, డాక్టరమ్మ చెప్పింది. దవాఖానకు పోతున్నం. జరుగుండ్రి!"

డప్పు ఆగిపోయింది. ఒకామె ఉడుకుతున్న గిన్నెను గుడ్డతో పట్టుకుని పక్కకు దించింది. ఇంకొకామె పొయ్యి రాళ్లు కాలితో జరిపింది. ఆటో పోయేంత దారి పడింది. ఎవరూ నవ్వలేదు.

ఇప్పుడు మీ శిక్షణలో చెబుతారు, రోగి సంగతి పదిమందిలో చెప్పకూడదని. నిజమే, చెప్పకూడదు. మీరెప్పుడూ అట్లా చెయ్యకండి. అప్పుడు నేను కూడా భయపడి ఆ పిల్ల వైపు చూశాను. ఆమె కిటికీ లేని ఆటోలోంచి బయటికి చూస్తోంది, అత్తను. ఆ చూపులో కోపం మాత్రం లేదు.

దవాఖానలో ఆ మనసు డాక్టర్ కోడలితో, కొడుకుతో, అత్తతో విడివిడిగా చాలాసేపు మాట్లాడాడు. మందు వాడితే ఉండే నష్టమేమిటో, వాడకుండా వదిలేస్తే ఉండే నష్టమేమిటో దాచకుండా చెప్పాడు. కొన్నాళ్లు ఒంటరిగా ఉంచొద్దన్నాడు. వారం వారం రమ్మన్నాడు. ఇంట్లో అందరూ మామూలుగా మాట్లాడుకోమన్నాడు. మేం పెట్టిన మౌనవ్రతం సంగతి విని ఆయన నావైపు ఒక చూపు చూశాడు, దాన్ని నేను ఇక్కడ వర్ణించను.

సినిమాలో లాగా మర్నాటికే బాగుపడలేదు. మధ్యలో ఒకసారి మందు మానేసింది, మళ్లీ మొదలుపెట్టించాం. కానీ ఒక రోజు నేను వాళ్ల సందులోకి తిరిగేసరికి లోపల టీవీ మోగుతోంది. అత్త, "మీ గుంటూరోళ్లకేమెరుక మా తిప్పలు!" అంటోంది. కోడలు, "మా గుంటూరు కారం లేకపోతే మీకు ముద్ద దిగదు గానీ!" అంది. కోడలు ఎదురు చెప్పింది! నాకు ప్రాణం లేచి వచ్చింది. లోపలికి పోకుండానే వెనక్కి వచ్చేశాను.

మా కేంద్రంలో పద్ధతి మార్చాం. బరువు చూసే మూలకు ఒక పరదా కట్టాం. పరదా లోపలికి కోడలు ఒక్కతే రావాలి. వరండాలో అత్తలను మాటల్లో పెట్టే పని అంగన్‌వాడీ టీచర్‌ది, ఆమెకు అంతకంటే ఇష్టమైన పని లేదు. కారణం కనిపించినవాళ్లనే కాదు, నవ్వుతూ వచ్చినవాళ్లను కూడా అడిగాం. మా ఆనందమయ బస్తీల్లో అప్పుడు తెలిశాయి అసలు సంగతులు. అందరికీ మేలు చెయ్యగలిగామని చెప్పను. కొన్ని ఇళ్లలో మందు మాట ఎత్తగానే మమ్మల్ని మళ్లీ రావద్దన్నారు. ఒక కుటుంబం ఇల్లే మారిపోయింది, ఆ పిల్ల ఏమైందో ఇప్పటికీ తెలియదు. ఆమె గుర్తొస్తే ఇప్పటికీ బాధే.

గుంటూరు పిల్లకు కొడుకు పుట్టాడు. ఆ పిల్లవాడికి టీకాలు వేయించడానికి ఒకసారి అత్త, కోడలు వచ్చారు. కోడలు వరండాలో అంగన్‌వాడీ టీచర్‌తో ఏదో చెప్పి నవ్వుతోంది. ముసలామె అటూ ఇటూ చూసి, పరదా తొలగించుకుని లోపలికి వచ్చి, కోడళ్లు కూర్చునే కుర్చీలో కూర్చుంది.

"నన్ను గూడ అడుగు సిస్టరమ్మా" అంది.

"నిన్నేమడగాలె పెద్దమ్మా?"

"గవే. కోడండ్లను అడుగుతవు గద. ఇప్పటి సంగతి గాదు. నా కొడుకు కడుపుల ఉన్నప్పటి సంగతి అడుగు. అప్పుడు నన్నెవ్వలు అడగలే."

నవ్వబోయి ఆమె మొహం చూసి ఆగిపోయాను. కుర్చీ దగ్గరికి జరుపుకుని మొదటి ప్రశ్న నుంచీ అడిగాను. అప్పుడు నిద్ర పట్టేదా పెద్దమ్మా? లేదంది. ఊరికే ఏడుపొచ్చేదా? ఒచ్చేదంది. ఎవరితోనన్నా చెప్పుకున్నవా? ఎవలతో చెప్పుకోవాలె, అంది. రోడ్డంతా వినిపించే ఆ గొంతు పరదా అవతలికి కూడా పోవడం లేదు.

ఒక్కొక్కటీ అడుగుతూ చివరిదాకా వచ్చాను. ఆ చివరి ప్రశ్న అడగడానికి నాకు నోరు రాలేదు. ఆమె నా చేతి మీద చెయ్యి వేసింది.

"అడుగు బిడ్డా, చెప్త" అంది.